కాళ్లెప్పుడు పోయినయి

ఇప్పుడు నేను చేతికర్ర సాయంతో మా చేను దాకా పోయి రాగలను. ఎడమ పాదం కాస్త ఈడుస్తాను. పొద్దున్నే మెలకువ రాగానే దుప్పటి కింద కాలివేళ్లు కదిపి చూసుకునే అలవాటు మాత్రం ఇంకా పోలేదు. ఆ భయాన్ని దించుకోవడానికి కొంతా, మా వైపు జనానికి ఒక్క సంగతి చెప్పడానికి కొంతా ఇది రాస్తున్నాను. నేను పెద్దగా చదివినవాణ్ని కాను. ఉర్దూ బడిలో ఏడో తరగతి దాకా చదివి, తెలుగు రాయడం ఇంట్లో నేర్చుకున్నాను. ఓపిక తక్కువ, నోటి దురుసు ఎక్కువ. రాతలో అది కనబడితే కనబడనీ.

మాఘమాసం

మాది కోస్గికి దగ్గర ఊరు. వానను నమ్ముకున్న చేలు. జొన్న, కంది, కొంచెం ఆముదం. తెలంగాణ, ఆంధ్ర కలిసి ఒకే రాష్ట్రమై అప్పటికి కొన్నేళ్లే అయింది. ఇంట్లో మా అమ్మ, మా అన్న బుచ్చయ్య, నేను, నా భార్య బాలమణి. వదిన పురిటికి పుట్టింటికి పోయి ఉంది. నాయిన పోయాక అన్నే ఇంటికి పెద్ద.

ఆ ఏడు జొన్న బాగా పండింది. కంకులు కోసుకున్నాక చొప్ప కట్టలు బండికెత్తి ఇంటికి తోలుతున్నాం. నేను మనిషెత్తుకు పైన, చొప్ప మీద నిలబడి, లావుపాటి మోకుతో కట్టలన్నీ బిగించి కడుతున్నాను. బలమంతా పెట్టి తాడు వెనక్కి లాగాను. ముడి ఊడింది. చేని గెట్టు మీది బండరాయి మీద కూర్చున్నట్టుగా వచ్చి పడ్డాను.

కళ్లు బైర్లు కమ్మాయి. అన్న బండి అవతలి నుంచి తొంగిచూసి, "మెత్తటి చొప్ప ఉండంగ రాయి మీద కూసున్నవేందిరా" అన్నాడు. నేను లేచి, దుమ్ము దులుపుకొని, ఆయనకు నాలుగు మాటలు అప్పజెప్పి మళ్లీ బండెక్కాను. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి. నేను లేచాను. బండెక్కాను. సాయంత్రం నా కాళ్ల మీద ఇంటికి వచ్చి, రొట్టె తిని పడుకున్నాను.

మర్నాడు చెప్పులు వేసుకోబోయి వంగినవాణ్ని మళ్లీ నిటారుగా లేవలేకపోయాను. నడుం పట్టిందన్నారు. మా వైపు నడుం పడితే దవాఖానకు ఎవరూ పోరు. తల్లి కడుపులోంచి తల ముందు రాకుండా కాళ్లు ముందు వచ్చి పుట్టినవాళ్లను ఎదురుకాళ్ల మనుషులంటారు. వాళ్లు ఎడమ కాలితో నడుం మీద తొక్కితే పట్టు వదిలిపోతుందని నమ్మకం. ఊరికి ఒకరో ఇద్దరో అలాంటివాళ్లు ఉంటారు, పొద్దున్నే వాళ్ల ఇంటి ముందు జనం బోర్లా పడుకుంటారు. మాకు ఆ తిప్పలు లేవు. బాలమణి ఎదురుకాళ్ల పిల్ల. ఆత్మకూరు పక్కనున్న వాళ్ల ఊళ్లో చిన్నప్పటి నుంచి ముసలీ ముతకా నడుములన్నీ తొక్కి పేరు తెచ్చుకున్నది. నన్ను పెళ్లి చేసుకున్నాక ఆ పని మానేసింది.

"ఇంట్ల మందు పెట్టుకొని ఊరంత తిరుగుడేంది" అంది అమ్మ. "బాలమణీ, నువ్వే తొక్కు."

"నేనెట్ల తొక్కుత అత్తా. పెనిమిటి మీద కాలు పెడితే పాపం తగుల్తది."

"మందుకు పాపం ఉండది పిల్లా."

"పాపం సంగతి తరువాత చూద్దాం" అన్నాను నేను చాప మీద బోర్లా పడుకొని. "ముందుగాల నడుం సంగతి చూడు."

బాలమణి నేలను తాకి కళ్లకద్దుకుంది. ఒక చెయ్యి గోడకు ఆనించి, బరువంతా పడకుండా మెల్లగా తొక్కింది. తరువాత నా పాదాలకు మొక్కింది. హాయిగా అనిపించింది. ఆ రోజు చేనుకు కూడా పోయి వచ్చాను. పట్నంలో దవాఖానలన్నీ మూసేసుకోవచ్చని ఊరంతా చెప్పుకున్నాను.

పొద్దు వాలేసరికి మళ్లీ పట్టింది. మర్నాడు అమ్మ పక్కన నిలబడి, "నిన్న నువ్వు ముద్దుచేసినట్టు తొక్కినవ్. జర గట్టిగ తొక్కు" అంది. బాలమణి గోడ మీది చెయ్యి తీసింది. నడుంలో ఏదో జారింది. నిప్పు లాంటిది పాదాల దాకా పోయింది. నేను అరిచేలోపే ఆమె కాలు వెనక్కి తీసుకుంది.

"కింద ఏందో జరిగినట్టయింది అత్తా."

"పట్టు వదిలింది. మంచిదే" అంది అమ్మ.

మధ్యాహ్నానికి తొడల మీద చీమలు పారుతున్నట్టు ఉంది. సాయంత్రం లేవబోతే కాళ్లు నా మాట వినలేదు. పొత్తికడుపు ఉబ్బింది, మూత్రం రాలేదు. మంచం మీద ఉన్నవి నా కాళ్లేనని కళ్లు చెబుతున్నాయి కానీ నడుం కింద నాకేమీ తెలియడం లేదు. నేను అంతవరకు దేనికీ అంత భయపడలేదు.

శివరాత్రికి ముందు

కోస్గి డాక్టరు చూసి పాలమూరు పొమ్మన్నాడు. పాలమూరు దవాఖానలో రబ్బరు గొట్టం వేసి మూత్రం తీసి, పట్నం పొమ్మన్నారు. ఊరు కదలక ముందే అమ్మ మా అందరి దగ్గరా మాట తీసుకుంది.

"ఎవరడిగినా బండి మీంచి పడ్డడు, పడంగనే కాళ్లు పోయినయి అనుర్రి. పెండ్లాం కాలుతోని తొక్కి మొగుని కాళ్లు తీసిందంటే పిల్ల ఊర్ల తలెత్తుకోలేదు. నేను తొక్కుమన్ననంటే నా మొకం మీద ఉమ్ముతరు."

అన్న సరే అన్నాడు. నాకూ అదే సబబనిపించింది. పడితే పోయినా, తొక్కితే పోయినా పోయినవి పోయినవే కదా, డాక్టరుకు దానితో ఏం పని అనుకున్నాను. బాలమణి స్తంభానికి ఆనుకొని నిలబడింది. అవుననలేదు, కాదనలేదు. ఆమెను ఇంట్లోనే ఉంచి అన్నా నేనూ బయలుదేరాం.

పాలమూరు నుంచి కాచిగూడ దాకా రైల్లో రెండు బల్లల మధ్య నేల మీద పడుకోబెట్టారు. పట్టాల మీద చక్రాల అదురు మొత్తం నా నడుంలోకే వచ్చింది. జడ్చర్లలో ఎక్కిన ఒక తల్లి తన చంటిబిడ్డ కిందున్న బొంత తీసి, మారుమాట లేకుండా నా నడుం కింద తోసింది. దిగేటప్పుడు అన్న తిరిగి ఇవ్వబోతే, "ఉండనీ తమ్మీ, మీకే పనికొస్తది" అంది. ఆమె పేరు కూడా అడగలేదు.

పట్నంలో పెద్ద దవాఖాన వరండాలో ఒక పూటంతా ఎదురుచూశాం. జనం నన్ను దాటుకుంటూ పోతున్నారు. కొందరి చెప్పులు నా కాళ్లకు తగిలాయట. అన్న కసురుతుంటే తెలిసింది, నాకు తెలియలేదు.

వార్డులో నా పక్క మంచం మల్లయ్యది. పోచంపల్లి అవతలి గీతకార్మికుడు. తాటిచెట్టు ఎక్కేటప్పుడు నడుముకు వేసుకునే మోకు తెగి పడ్డాడు. నా కథ విని, "నీకు మోకు ఊడింది, నాకు మోకు తెగింది. మనిద్దరం తాళ్లకే లోకువైనం" అని నవ్వాడు. పడిన క్షణాన్నే ఆయనకు కాళ్లు పోయాయి. భార్య ఎల్లమ్మ మంచం కిందే పడుకుంటూ ఆయన్ని చూసుకునేది.

ఆ వార్డు డాక్టరు నరాలకు, మెదడుకు శస్త్రచికిత్స చేసే మనిషి. పొట్టిగా ఉంటాడు, గబగబా నడుస్తాడు, వెనక ఎప్పుడూ చదువుకునే పిల్లలు ఒక గుంపు ఉంటారు. మెదడుకూ వెన్నుపాముకూ దెబ్బలు తగిలినవాళ్ల మీద ఆయన ఏళ్లుగా పరిశోధన చేస్తున్నాడని ఆ పిల్లల్లో ఒకరు చెప్పారు. చెట్టు మీంచి పడ్డవాళ్లు, బావిలో పడ్డవాళ్లు, బండి కింద పడ్డవాళ్లు, అందరినీ ఒకే తీరుగా అడుగుతాడు. ఎట్లా పడ్డావు, ఎవరు ఎట్లా లేపారు, కాళ్లెప్పుడు పోయాయి. రోగిని ఒకసారి, వెంట వచ్చినవాళ్లను ఒకసారి, మళ్లీ రెండు రోజులాగి ఇంకోసారి అడుగుతాడు. పోలీసులు నయమనిపించేది.

"పడంగనే పోయినయి సారు" అన్నాడు అన్న.

డాక్టరు సూదితో నా కాళ్లు గుచ్చుకుంటూ పోయాడు. ఎడమ కాలి బొటనవేలి దగ్గర ఎవరో దూరం నుంచి తాకినట్టు అనిపించింది. చెప్పాను. మళ్లీ గుచ్చాడు. మళ్లీ తెలిసింది.

"పడంగనే కాళ్లు మొత్తం పోయినోళ్లకు ఇన్ని రోజులకు ఇట్ల తెలువది" అన్నాడు అన్నతో. "మంచిగ యాది చేసుకో. ఒక్క అడుగన్న వేసిండా?"

"లేదు సారు. బండి మీదికెల్లి పడ్డడు, గంతే."

డాక్టరు నా వైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను.

రెండు రోజుల తరువాత మళ్లీ అదే అడిగాడు. అన్న మళ్లీ అదే చెప్పాడు. అప్పుడు డాక్టరు ఆయన్ని పక్కకు పిలిచి చెప్పిన మాటలు నాకు వినబడ్డాయి. "మీరు చెప్పింది నిజమైతే కోసి లాభం లేదు. ఇంకో వారం చూసి ఇంటికి పంపిస్త. పుండ్లు పడకుండ పక్కలు మార్చుడు నేర్చుకోండి."

నాకు ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. ఇక ఎవరైనా తిప్పితేనే పక్కకు తిరగాలి, ఎవరైనా తుడిస్తేనే శుభ్రంగా ఉండాలి. అలా ఎన్నేళ్లు? అన్న మంచం అంచున కూర్చొని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు మోకాళ్లు రుద్దుకుంటున్నాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

శివరాత్రి తరువాత

మా ఊరి కిరాణా దుకాణం వెంకటయ్య సరుకులకు పట్నం వస్తుంటే బాలమణి ఆయన వెంట వచ్చింది. రైలెక్కడం ఆమెకు అదే మొదటిసారి. జొన్నరొట్టెల మూట అన్న చేతికిచ్చి, నా మంచం తలవైపుకు వచ్చి నిలబడింది. కాళ్లవైపు పోలేదు, వాటి వంక చూడనూ లేదు.

"ఏమన్నడు డాక్టరు" అని అడిగింది.

"పక్కలు మార్చుడు నేర్చుకొమ్మన్నడు" అన్నాను.

ఆమె వరండాలోకి పోయింది. అక్కడ ఎల్లమ్మతో జరిగిన మాటలు తరువాత నాకు చెప్పింది. ఎల్లమ్మ గిన్నెలు కడుగుతూ, ఆ డాక్టరు వార్డులో అందరినీ అడిగే సంగతి చెప్పిందట. "మా ఆయనకు చెట్టు కిందనే పోయినయి, అందుకని కోయనన్నడు. ఆ మూలమంచం పిల్లగానికి బావి నుంచి లేపి కూసోబెట్టినంక పోయినయి, వాణ్ని కోసిండు, ఇప్పుడు వాడు కాలు మడుస్తుండు. పడంగనే పోతే ఒక లెక్క, పడ్డంక పోతే ఒక లెక్క అక్కా." ఇంతే ఎల్లమ్మ అన్నది. బాలమణి తాను సాయంగా కడుగుతున్న గిన్నె అక్కడే పెట్టి లేచింది.

డాక్టరు మర్నాడు పొద్దున్న గుంపుతో వచ్చాడు. నా మంచం దగ్గరికి రాగానే బాలమణి గోడ పక్క నుంచి ముందుకొచ్చింది. తల మీది కొంగు పిడికిట్లో పట్టుకొని ఉంది.

"నువ్వు బయటికి పో బాలమణీ" అన్నాడు అన్న. "డాక్టరు సాబ్ చూస్తుండు."

"ఉండనీ" అన్నాడు డాక్టరు.

"సారు, ఈయన కాళ్లు పడ్డనాడు పోలే" అంది ఆమె. గొంతు సన్నగా వచ్చింది, కానీ ఆగలేదు. "పడ్డంక బండెక్కిండు. ఇంటికి నడిచొచ్చిండు. తెల్లారి చేనుకు గూడ పోయిండు. నడుం పట్టిందని నేను తొక్కిన. నేను తొక్కినంక పోయినయి."

 అన్న తల దించుకున్నాడు. నాకు నడుం దాకా చెమట పట్టింది.

డాక్టరుకు మొదట అర్థం కాలేదు. తొక్కడమేమిటని అడిగాడు. గుంపులో మక్తల్ వైపు పిల్లవాడొకడు ఎదురుకాళ్ల సంగతి ఇంగ్లీషులో వివరించాడు. డాక్టరు కోప్పడతాడనుకున్నాను. ఆయన స్టూలు లాక్కొని కూర్చున్నాడు.

"మల్ల చెప్పమ్మా. మొదటికెల్లి. తొందర లేదు."

ఆమె మళ్లీ చెప్పింది. మొదటిరోజు గోడ పట్టుకొని తొక్కినప్పుడు ఏమీ కాలేదని, రెండోరోజు చెయ్యి తీసి తొక్కితే కాలి కింద జారిందని, మధ్యాహ్నానికి చీమలు పారుతున్నాయన్నాడని, పొద్దుగూకేసరికి నిలబడలేదని. డాక్టరు ఎక్కడ తొక్కావో చూపించమంటే తన నడుం మీదనే చెయ్యి పెట్టి చూపించింది.  ఆ గుంపులో ఒక్కరూ నవ్వలేదు.

"ఇదే మాట ముందే చెప్తే బాగుండు" అన్నాడు డాక్టరు అన్న వైపు చూసి. తరువాత నాతో అన్నాడు. "నీ వెన్నుపూస పడ్డప్పుడే పగిలింది. కానీ లోపలి వెన్నుపాముకు ఏం కాలే. పగిలిన ముక్క తొక్కుడుకు జరిగి దాని మీద కూసున్నది. తెగలేదు, నొక్కుకున్నది అనుకుంటున్న. తెరిచి ముక్క తీస్త. కాళ్లు వస్తయని మాట మాత్రం ఇయ్య. శానా రోజులైంది. ఉన్న కొంచెం గూడ పోవచ్చు. ప్రాణం మీదికి రావచ్చు."

ఆయన వెళ్లగానే అన్న వరండాలో బాలమణి మీద పడ్డాడు. "ఇంటి పరువు పట్నంల పారేసినవ్. అమ్మకు ఏం చెప్పాలె నేను" అంటున్నాడు.

"పరువు నడుస్తదా బావా" అంది బాలమణి. "ఆయన నడవాలె."

 కోతకు ఒప్పుకుంటున్నామనే కాగితం మీద సంతకం చెయ్యడానికి అన్న తటపటాయించాడు. ఊరికి ఉత్తరం రాసి అమ్మను అడుగుతానన్నాడు. ప్రాణం పోతే తమ్ముణ్ని తానే చంపినవాడవుతానని ఆయన భయం. ఆ భయం అబద్ధం కాదు. కానీ నాకు ఓపిక అయిపోయింది.

"అన్నా, కాళ్లు నావి. ప్రాణం నాది. ఉత్తరం పోయి వచ్చేలోపల ఆ ముక్క లోపల ఇల్లు కట్టుకుంటది. సంతకం పెట్టు."

పెట్టాడు. పెడుతూ ఏడ్చాడు. నాయిన పోయినప్పుడు కూడా ఆయన ఏడవగా నేను చూడలేదు.

శస్త్రచికిత్స పొద్దున్నే చేశారు. మూతి మీద ఏదో గుడ్డ పెట్టి అంకెలు లెక్కపెట్టమన్నారు. ఉర్దూలో మొదలుపెట్టాను. ఎంత దాకా పోయానో తెలియదు. బయట వరండాలో బాలమణి నేల మీద కూర్చుంటే, ఎల్లమ్మ మల్లయ్యను వదిలి వచ్చి ఆమె పక్కన కూర్చుందట. తన భర్తకు దొరకని దాని కోసం మరొక ఆడమనిషి ఎదురుచూస్తుంటే, ఆ పూటంతా ఆమె భుజం మీది చెయ్యి తీయలేదట.  ఒక సిస్టరమ్మ చాయ్ తెచ్చి ఇచ్చి, ఇంకా సమయం పడుతుందని చెప్పి పోయింది.

ఉగాది

మెలకువ వచ్చాక నేను మొదట చేసింది వేళ్లు కదపబోవడం. కదల్లేదు. మర్నాడూ కదల్లేదు. వారం గడిచినా అంతే. డాక్టరు రోజూ వచ్చి, దుప్పటి తీసి, పాదాల వంక చూసి, ఏమీ అనకుండా మళ్లీ కప్పేవాడు. ఆయన అలా ఏమీ అనకపోవడం నాకు పిచ్చెక్కించేది. ఏదన్నా తిడితే బాగుండుననిపించేది.

ఆ వారాల్లో బాలమణి నన్ను పక్కలు మార్చేది, వీపు తుడిచేది, ఒత్తిన చోట నూనె రాసేది. మా మధ్య మాటలు చాలా తక్కువ. ఆమె దేనికోసం ఎదురుచూస్తుందో నాకు తెలుసు. నేను దేనికోసం ఎదురుచూస్తున్నానో ఆమెకు తెలుసు. రెండూ ఒకటే. పైకి అంటే రాదేమోనని ఇద్దరికీ భయం.

ఉగాదికి ముందు అమ్మ వచ్చింది. కోడలిని తిడుతుందని నేను గుండె చిక్కబట్టుకున్నాను. అమ్మ వార్డులోకి వచ్చి నా తల నిమిరి, బాలమణి పక్కన నేల మీద కూర్చుంది. "గట్టిగ తొక్కుమన్నది నేనే పిల్లా. నువ్వు వద్దన్నవ్" అంది. బాలమణి అప్పుడు ఏడ్చింది. దవాఖానకు వచ్చాక ఆమె ఏడవడం అదే మొదటిసారి.

పండుగ వెళ్లిన కొన్నాళ్లకు ఒక పొద్దున్న ఎడమ పాదం మండడం మొదలైంది. నిప్పుల్లో పెట్టినంత మంట. పిక్కలు మెలిపెట్టాయి. నేను నోటికొచ్చినట్టు తిట్టాను. దేవుణ్ని, బండిని, చొప్పను, డాక్టరును వరసబెట్టి తిట్టాను. బాలమణి బెదిరిపోయి సిస్టరమ్మను పిలుచుకొచ్చింది. సిస్టరమ్మ డాక్టరును పిలుచుకొచ్చింది.

"నొస్తుందా" అని అడిగాడు ఆయన.

"ప్రాణం పోతుంది సారు."

"కాళ్లు మండుతున్నయా?"

"మండుతున్నయి."

ఆయన ముఖంలో నవ్వు మొదటిసారి చూశాను. "కాళ్లు లేనోనికి మంట ఎక్కడిది? నొయ్యనీ" అన్నాడు.

నాకు ఆ మాట లోపలికి దిగడానికి కొంచెం సమయం పట్టింది. పక్క మంచం మీది మల్లయ్య నా వైపే చూస్తున్నాడు. ఆయనకు ఆ మంట ఎన్నడూ రాదు. ఆ సంగతి ఆయనకు మా అందరికంటే ముందే తెలుసు.

"తిట్టు కిష్టయ్యా" అన్నాడు మల్లయ్య. "ఆగినవేంది? ఇంక గట్టిగ తిట్టు. నా తరఫున గూడ తిట్టు."

నేను తిట్టలేకపోయాను. 

మంట తరువాత వేలు కదిలింది, వేలు తరువాత మడమ. అంత సులువుగా రాసేస్తున్నాను కానీ ఒక్కొక్కదానికి ఎన్నో రోజులు పట్టింది. కొన్ని రోజులు వచ్చింది మళ్లీ పోయినట్టుండేది, ఆ రోజుల్లో నా నోటికి జడిసి ఎవరూ నా దగ్గరికి రాలేకపోయారు. మల్లయ్యను వాళ్ల ఊరివాళ్లు నాకంటే ముందే తీసుకుపోయారు. డాక్టరు చెప్పినట్టు, నడుం కదలకుండా తలుపు రెక్క మీద పడుకోబెట్టి మోసుకుపోయారు. ఎల్లమ్మ మిగిలిన ఆముదం సీసా బాలమణి చేతిలో పెట్టి పోయింది.

మిరుగం

మిరుగం, అదే మృగశిర కార్తె, వానలు మొదలయ్యే రోజుల్లో నన్ను ఇంటికి పంపారు. చంకకర్రల మీద నిలబడగలిగేవాణ్ని. వెళ్లే ముందు డాక్టరును, బాలమణి పక్కన ఉండగానే, ఒక మాట అడిగాను. అది అడగకుండా ఇంటికి పోతే ఆ మాట మా ఇంట్లోనే మూలన కూర్చుంటుందని నాకు తెలుసు.

"తొక్కకుంటే ఏమయ్యేది సారు?"

ఆయన బాలమణి వంక చూశాడు. మెత్తబరిచి చెబుతాడనుకున్నాను.

"కొన్ని నెలలు పండుకుంటే ఎముక అతుక్కునేది. మంచిగనే నడిచేటోనివి అనుకుంట" అన్నాడు. "కానీ గట్టిగ చెప్పలేను. గది తెలుసుకునేటందుకే అందరిని అడుగుతున్న. పడుడుతోని పోయేటోళ్లు ఎందరో, పడ్డంక మనం చేసే పనితోని పోయేటోళ్లు ఎందరో నాకు తెలువాలె. ఎవరూ నిజం చెప్పరు. లేపి కూసోబెట్టినమని చెప్పరు, బుజం మీద ఏసుకొచ్చినమని చెప్పరు. ఇంతమందిల నిజం చెప్పింది ఈ అమ్మ ఒక్కతే."

బాలమణి తల ఊపింది. రైల్లో కూర్చున్నాక, "మంచిగనే నడిచేటోనివంట" అని ఒక్కమాట అంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. జనం చూస్తారని కూడా అనుకోలేదు.

ఊళ్లో మాత్రం పాత మాటే నిలిచింది. కిష్టయ్య బండి మీంచి పడ్డాడు, పట్నంలో కోసి బాగుచేశారు. అన్న అలాగే చెప్పాడు, అమ్మ అడ్డు చెప్పలేదు. నేను కూడా చెప్పలేదు. నేను నడవడమే ఎవరూ చూడొద్దని నాకు ఉండేది. పాదం ఈడ్చుకుంటూ పోతుంటే పిల్లలు ఆగి చూసేవాళ్లు, నేను కర్ర ఎత్తేవాణ్ని. జనం పనుల్లో ఉన్న వేళ చూసుకొని బయటికి వచ్చేవాణ్ని.

మరుసటి ఏడు దసరా తరువాత

బాలమణి తమ్ముడి పెళ్లికి ఆత్మకూరు పక్కనున్న వాళ్ల ఊరికి పోయాం. అప్పటికి చంకకర్రలు పోయి ఒక్క చేతికర్ర మిగిలింది. పెళ్లైన మర్నాడు పొద్దున్న వాకిట్లో చుట్టాలు, ఊరివాళ్లు కూర్చొని ఉన్నారు. మా మామకు పెదనాన్న వరసయ్యే నర్సప్ప తాత నడుం పట్టుకొని మెల్లగా వచ్చాడు. రెండు రోజుల కింద గుడిసె కప్పు సరిచేస్తూ నిచ్చెన మీంచి జారాడట. నేరుగా వచ్చి వాకిట్లో చాప పరుచుకొని, అంగీ తీసేసి బోర్లా పడుకున్నాడు.

"రా బిడ్డా. శానా దినాలకు దొరికినవ్. జర తొక్కు" అన్నాడు.

బాలమణి కదల్లేదు. "నేను తొక్కను తాతా."

"ఏం, పట్నం చూసొచ్చినంక కాలుకు గర్వమొచ్చిందా" అని ఎవరో నవ్వారు.

"తొక్కొద్దు తాతా. నువ్వు నిచ్చెన మీదికెల్లి పడ్డవ్. లోపల ఎముక పగిలిందో ఏమో. కదలకుంట పండుకో, బండి కట్టించుకొని దవాఖానకు పోదాం."

"గింత దానికి దవాఖాన ఎందుకు. చిన్నప్పటి సంది ఎన్ని నడుములు బాగుచెయ్యలే నువ్వు."

"ఒకటి ఖరాబు చేసిన" అంది బాలమణి.

వాళ్లమ్మ లోపలి నుంచి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. ఊరుకొమ్మని కళ్లతో చెప్పింది. బాలమణి చెయ్యి విడిపించుకుంది. బండి మీంచి పడ్డాక నేను నడిచానని, తను తొక్కాకే నా కాళ్లు పోయాయని, డాక్టరు తన ముందే ఆ మాట అన్నాడని, పట్నంలో చెప్పినట్టే మొదటి నుంచి చివరి దాకా చెప్పింది. పుట్టిన ఊళ్లో, పెళ్లి పందిరి కింద, తోబుట్టువుల ముందర చెప్పింది. కొందరు ముక్కు మీద వేలేసుకున్నారు. ఒకామె, "మొగుని గురించి గిట్ల నోటితోని ఎట్ల అంటున్నవే" అంది. చాలామంది నమ్మలేదు. నర్సప్ప తాత చాప మీంచి తల ఎత్తి, "ఆయనను చూస్తే మంచిగనే కూసున్నడు కదా" అన్నాడు.

బాలమణి నా వైపు తిరిగింది. నేను అరుగు మీద, పాదం పంచె కింద దాచుకొని కూర్చున్నాను. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి అక్కడ కూర్చున్నదే ఎవరూ నా నడక చూడకూడదని. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు.

"ఏమయ్యా" అంది. "జర నడువు."

వాకిలంతా నన్నే చూస్తోంది. కొత్త పెళ్లికూతురు కూడా తలుపు చాటు నుంచి చూస్తోంది. నాకు కోపం వచ్చింది. ఆ వెంటనే బాలమణి మొహం చూశాను. పట్నంలో కొంగు పిడికిట్లో పట్టుకొని డాక్టరు ముందు నిలబడిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది.

అంగీ విప్పి వీపు మీది కోత అందరికీ కనబడేలా తిరిగాను. కర్ర అరుగుకే ఆనించి వదిలేశాను. వాకిట్లోకి దిగి, ఎడమ పాదం ఈడ్చుకుంటూ, ఒంగి, గోడ దాకా నడిచాను. దుమ్ములో నా పాదం గీత గీసుకుంటూ వచ్చింది. గోడ పట్టుకొని తిరిగి, మళ్లీ వెనక్కి నడిచాను.  నర్సప్ప తాత చాప మీంచి నా పాదం వంకే చూస్తున్నాడు.

"నాయినా, బండి కట్టు" అంది బాలమణి వాళ్ల నాయినతో. "తాతను లేపి కూసోబెట్టకుర్రి. తలుపు రెక్క ఊడదీసుకరాండ్రి."